మొదటి పూత

చిటపట చివరిసారిగా చేసిన పని మేకప్ స్పాంజీలు ఉతకడం.

స్టూడియోలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విదిలించింది. బేసిన్‌లో సబ్బునీళ్ళు కలుపుకుని, ఆ పూట తన చేతికింద కూర్చున్న మొహాలన్నిటినీ స్పాంజీల్లోంచి పిండి పారేసింది. తెల్లనీళ్ళు కారేదాకా వదిలే మనిషి కాదు. పై అంతస్తు ఆయన కిటికీలోంచి చాప దులుపుతుంటే తల బయటపెట్టి, "ఏవయ్యా, మీ ఇంటి దుమ్ము నా స్పాంజీల మీదే పడాలా? రేపు వార్తలు చదివే ఆయన మొహానికి మీ చాప పూసి పంపనా?" అని ఆయన్ని కూడా ఉతికి ఆరేసింది. స్పాంజీలను కిటికీ గట్టు మీద వరసగా పేర్చి, కాస్త నడుం వాలుస్తానని లోపలికెళ్ళింది. మళ్ళీ లేవలేదు.

నిద్రలోనే గుండె ఆగిందని, బాధ తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు.

చెల్లెలు పరుగున వచ్చేసరికి స్పాంజీలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆమెకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. అప్పటికి చాలాకాలంగా అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఎప్పటికైనా అక్కే దిగివచ్చి, "సరేలేవే, నీ ప్రైమర్ గొప్పదే" అంటుందని చెల్లెలు పంతంగా ఎదురుచూస్తోంది. ఆ మాట అనకుండానే అక్క పోయింది. వాదన మధ్యలో తలుపు ధడాలున వేసుకుని వెళ్ళినట్టు పోయింది. చెల్లెలు ఒక స్పాంజిని తీసి గట్టిగా పిండింది. తెల్లటి నీటిబొట్టు ఒకటి కారింది. ఇందులో కూడా వంక దొరక్కుండా పోయింది మహాతల్లి, అనుకుంది పళ్ళు బిగించి.

వచ్చినవాళ్ళు ఆ కోపానికి ఆజ్యం పోశారు. పోయిన మనిషికి తలా ఒక పూత పూయడం మొదలుపెట్టారు. "ఎంత శాంతంగా ఉండేదో!" అంది ఎదురింటావిడ. ఆ మాటకి మూలన కూర్చున్న బావ కూడా తలెత్తి చూశాడు. "నోట్లో నాలుక లేని మనిషి" అన్నాడు పక్కింటి ముసలాయన. ఆ నాలుకకు జడిసే కదా, ఈయన తన చెత్తబుట్టను వాళ్ళ గుమ్మం పక్కనుంచి తీసుకుపోయింది!

"మా అక్క శాంతం కాదండీ," అంది చెల్లెలు అందరికీ వినిపించేలా. "కోపిష్టి. ఆ కోపం ముక్కు మీదే ఉండేది. మీ అందరికీ తెలుసు. తెలిసీ ఎందుకు అబద్ధాలు చెబుతారు?"

పాపం, దుఃఖంలో ఏదో అంటోందిలే అని వాళ్ళు సర్దుకున్నారు. దాంతో ఆమెకు ఇంకా మండింది.

చిటపట అన్న పేరు స్టూడియోవాళ్ళు పెట్టింది. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే చప్పుడది. టీవీలో వార్తలు చదివేవాళ్ళకీ, చర్చలకు వచ్చేవాళ్ళకీ మేకప్ వేసేది ఆవిడ. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా మొదట ఒక తిట్టు తగిలేది. "రాత్రి నిద్రపోలేదా, కళ్ళకింద ఆ సంచులేంటి? సరుకులు తెచ్చుకోడానికా?" అనేది పెద్ద పెద్దవాళ్ళని కూడా. వార్తలాయనైతే ఏదైనా రోజు తిట్టు పడకపోతే కుర్చీలోంచి వెనక్కి తిరిగి, "ఏంటండీ చిటపటగారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాడు. మంత్రులూ నటులూ ఎవరొచ్చినా ఆ కుర్చీలో కూర్చుని నోరు మూసుకోవలసిందే. బయట ఎంత ఎగిరిపడేవాడైనా గడ్డం కింద తువ్వాలు కట్టి కూర్చోబెడితే పసిపిల్లాడే అని ఆవిడ సిద్ధాంతం.

ఆ పనికి రాకముందు ఆవిడ బొమ్మల ఫ్యాక్టరీలో ఉండేది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచే బాధ్యత మీద పడితే, చదువు మానేసి అక్కడ చేరింది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పూత పని ఇచ్చేవారు. వరసగా గుచ్చిన బొమ్మ తలకాయలు ముందుకొస్తుంటే, ఒక్కొక్కదానికీ తెల్లటి పూత పుయ్యాలి. అది ఆరితేనే పై రంగు పట్టుకుంటుంది. చెయ్యి తిరిగినవాళ్ళు కళ్ళూ పెదాలూ దిద్దుతారు. చిటపట చాలాకాలం ఆ తెల్లపూత దగ్గరే ఉండిపోయింది. కళ్ళు లేని తలకాయలు కల్లోకి వచ్చేవని చెప్పేది.

అందుకే చెల్లెలు మొదటిసారి ప్రైమర్ ట్యూబు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, మూత తీసి వాసన చూసి, ఆవిడ మొహం చిట్లించింది.

"ఇది మొదటి పూత కదే!"

"మొదటి పూతే అక్కా. క్రీముకీ ఫౌండేషన్‌కీ మధ్య వేస్తారు. చర్మం మీద సన్నటి గుంటలుంటాయి చూడు, వాటిని కప్పేస్తుంది. జిడ్డు పైకి రాకుండా ఆపుతుంది. పైన వేసింది జారిపోకుండా పట్టుకుంటుంది."

"బొమ్మలకి పూసేదాన్నే. బొమ్మకి చెమట పట్టదు. నవ్వదు. ముక్కు చీదదు. దానికి పూత కావాలి. మనిషి తోలుకెందుకే ఇది? పైన పటారం, లోన లొటారం."

చెల్లెలు మాల్‌లో సౌందర్య సామగ్రి అమ్మే కౌంటరులో పనిచేసేది. ఆ ఉద్యోగంలో చేర్పించింది అక్కే. చేతులు పట్టుకుని బ్రష్షు తిప్పడం నేర్పింది కూడా అక్కే. అలాంటిది, నేర్చుకున్న పిల్లే ట్యూబు పట్టుకొచ్చి ఎదురు పాఠం చెబుతుంటే చిటపటకి గిట్టలేదు. పిల్లకేమో అక్క చాదస్తం గిట్టలేదు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం.

చిటపట పద్ధతి వేరు. ముందు మొహం చన్నీళ్ళతో కడిగిస్తుంది. పలచగా క్రీము రాస్తుంది. ఆ తర్వాత ఆగుతుంది. కుర్చీ పక్కన ఒక ఎత్తుపీట ఉండేది. దాని మీద కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి మనిషిని నాలుగు మాటలంటూ కూర్చుంటుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, మధ్యలో వేలి వెనకభాగాన్ని చెంపకు ఆనించి తీస్తుంది. వేలు అతుక్కుంటే ఇంకా ఆగాలి. నున్నగా వచ్చేస్తే లేచి పని మొదలుపెడుతుంది. క్రీము పూర్తిగా ఇంకిన చర్మం మీద ఏది వేసినా నిలుస్తుందనేది ఆవిడ నమ్మకం. "ప్రైమర్ అంటే ఏంటంటే, ఆగలేనివాళ్ళ మందు" అనేది.

"అందరి మొహాలూ నీ చేతికి దొరకవు కదక్కా," అని చెల్లెలు వాదించేది. "మా కౌంటరుకి వచ్చే పిల్ల ఒక చేత్తో టిఫిను డబ్బా, ఇంకో చేత్తో లిప్‌స్టిక్కు పట్టుకుని బస్సెక్కే పిల్ల. సాయంత్రం దాకా మొహం జిడ్డోడుతుంది. ఆ పిల్లకి కూర్చుని ఆగే టైమెక్కడిది?"

"అయితే ఆ పిల్లకి అమ్ము. పుణ్యం వస్తుంది. పొడిచర్మం దానికి కూడా అంటగట్టకు, పాపం వస్తుంది."

"మా ట్రైనింగులో అందరికీ వెయ్యాలనే చెప్పారు."

"చెబుతారు. నీళ్ళ ఫౌండేషన్ కింద నీ జిగురుది వేసి రుద్ది చూశారా వాళ్ళు? రబ్బరు అరిగినట్టు ఉండలు ఉండలుగా లేచొస్తుంది. చెయ్యిలా తే." చెల్లెలి ముంజేతి మీద రెండూ పూసి బొటనవేలితో రుద్దింది. నిజంగానే పొట్టులా లేచింది. "చూశావా? ఇదీ నీ ట్రైనింగు!"

"అది నూనె రకానికి నీళ్ళ రకం కలిపావు కాబట్టి! రెండూ ఒకటే జాతి అయి ఉండాలి."

"ఓహో, దీనికి సంబంధాలు కూడా చూడాలా?"

వంటింట్లోంచి బావ పకపకా నవ్వేవాడు. బావ బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే మనిషి. కనుబొమల్లో ఎప్పుడూ పిండి ఉండేది. అక్కాచెల్లెళ్ళ గొడవ ఆ ఇంట్లో రేడియో లాంటిది. వినబడకపోతే ఆయనకు తోచేది కాదు.

ఆ గొడవ నవ్వులాటగా ఉన్నన్నాళ్ళు బాగానే ఉంది. స్టూడియోకి కొత్త అధికారి వచ్చాకే చెడింది. ఆయన ఎవరితో మాట్లాడుతున్నా చూపు తన ముంజేతి మీదే ఉండేది కనుక, వచ్చిన వారానికే గడియారం అయిపోయాడు. ఒక ఉదయం మేకప్ గదిలోకి తొంగిచూసేసరికి, వార్తలాయన మొహానికి క్రీముతో కళ్ళు మూసుకుని ఉన్నాడు. చిటపట పీట మీద కూర్చుని ఉంది.

"ఇక్కడ ఇద్దరు మనుషులు ఏ పనీ లేకుండా కూర్చున్నారేంటి?" అన్నాడు గడియారం.

"ఆయన మొహం పని చేస్తోంది సార్. క్రీము పని చేస్తోంది. నేను కనిపెట్టుకుని ఉన్నాను. ఖాళీగా ఉన్నది తమరొక్కరే," అంది చిటపట, పీట మీదనుంచి లేవకుండానే.

అదే గదిలో జుట్టు దువ్వే ఆవిడ ఒకామె ఉండేది. అందరికీ దువ్వెనమ్మ. ఆ మాట విని ఆమె చేతిలో క్లిప్పులన్నీ జారి కిందపడ్డాయట. చాలాకాలం దాకా స్టూడియో అంతా చెప్పుకుని నవ్వుకున్నారు. గడియారం మాత్రం మరిచిపోలేదు. ఇకమీదట ప్రతి మొహానికీ ప్రైమర్ వేసి వెంటనే పని కానివ్వాలని, క్రీము పెట్టి ఎదురుచూడడం కుదరదని ఉత్తర్వు వేశాడు. ఆగడం లేకపోతే ఇద్దరు చేసే పని ఒకరు చెయ్యొచ్చు కదా అని, చిటపటతోపాటు ఉన్న రెండో మేకప్ ఆవిడని ఇంటికి పంపేశాడు. ఆ ప్రైమర్ సరఫరా చేసే పని చెల్లెలి దుకాణానికే వచ్చింది.

చెల్లెలు సంతోషపడింది. తన దుకాణానికి మంచిది కాబట్టి మాత్రమే కాదు. అక్కకు పని తేలికవుతుందని నిజంగానే అనుకుంది. ఒక పూత వేసి చకచకా కానిచ్చేయొచ్చు, త్వరగా ఇంటికి రావచ్చు. ఆ మాటే చెబితే చిటపట అగ్గి మీద గుగ్గిలమైంది.

"నా చేతికింద ఆగకుండా ఏ మొహమూ లేవదు. నన్ను ఆ కుర్చీ దగ్గర్నుంచి పంపేసినా సరే."

"పంపేస్తాడక్కా! పంతానికి పోయి ఉన్న పని పోగొట్టుకుంటావా? పోనీ, పందెం వేద్దాం. ఒకే మొహానికి సగం నీ పద్ధతిలో, సగం నా పద్ధతిలో వేద్దాం. సాయంత్రానికి ఏది నిలిస్తే అది నిజం. నాది నిలిస్తే నువ్వు ప్రైమర్ వాడాలి. నీది నిలిస్తే నేనే వచ్చి గడియారంతో మాట్లాడతా."

"ఎవరి మొహం?"

ఇద్దరూ కలిసి బావ వైపు చూశారు.

"ఒసేయ్, నాకు పొయ్యి దగ్గర డ్యూటీ ఉంది," అన్నాడు బావ భయంగా.

"అందుకే," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. వాళ్ళిద్దరూ నవ్వుతూ ఏకమైన ఆఖరి మాట అదే.

అద్దం ముందు కుర్చీ వేసి బావను కూర్చోబెట్టారు. కళ్ళు మూసుకోమన్నారు. చిటపట ఎప్పుడూ కుర్చీ వెనక నిలబడి, అద్దంలో చూస్తూ మేకప్ వేసే మనిషి. కెమెరా చూసేది ఎదుటి మొహాన్ని కనుక తను కూడా అద్దంలో మొహాన్నే చూడాలంటుంది. క్రీము రాసి, ఆగి, తన వంతు చెంప పూర్తి చేసింది. చెల్లెలేమో కౌంటరు అలవాటు కొద్దీ బావకు ఎదురుగా నిలబడి, తన వంతు చెంపకు ప్రైమర్ పూసి, పైన ఫౌండేషన్ అద్దింది. రంగు బావ ఒంటి రంగుకి అతికినట్టు కుదిరింది. పైకి ఏమీ తెలియడంలేదు. "పెళ్ళినాడు కూడా ఇంత అందంగా లేనుగా!" అనుకుంటూ ఆయన బేకరీకి వెళ్ళాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. ఇద్దరూ గుమ్మంలోనే ఆయన్ని పట్టుకుని వెలుతురులోకి తిప్పారు. ఒక చెంప చెక్కుచెదరలేదు. రెండో చెంప మీద అక్కడక్కడా పూత పోయి, అసలు చర్మం బయటపడింది.

"నాదే నిలిచింది!" అన్నారిద్దరూ, చెదరని చెంపకేసి వేలు చూపిస్తూ.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"అదేంటే? నా కుడిచేతి వైపు చెంప నాది," అంది చిటపట.

"నా కుడిచేతి వైపు చెంప నాదక్కా. నేను ఎదురుగా నిలబడి వేశా. ఇప్పుడూ ఎదురుగానే ఉన్నా. నువ్వు పొద్దున ఆయన వెనక నిలబడ్డావు. ఇప్పుడు ముందుకొచ్చావు. వైపు మారింది!"

"వైపు ఎలా మారుతుందే? ఇన్నేళ్ళుగా మొహాలు చూస్తున్నదాన్ని. నేను చేసిన చెంప నాకు తెలియదా?"

"నీకు అద్దంలో మొహమే తెలుసు. ఎదుట ఉన్న మనిషి తెలియడు!"

"ఆహా. మొన్నటిదాకా నా కొంగు పట్టుకుని బ్రష్షు పట్టడం నేర్చుకున్న పిల్ల మాట్లాడే మాటేనా ఇది?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇద్దరూ పట్టుబట్టారు. బావని సాక్ష్యం అడిగారు. "కళ్ళు మూసుకోమన్నారు. ఎవరి చెయ్యి ఎటుందో నాకేం తెలుసు? అసలు సంగతేంటంటే..." అని ఆయన ఏదో చెప్పబోయాడు.

"నువ్వాగు!" అన్నారిద్దరూ.

ఆయన ఆగాడు. వాళ్ళు ఆగలేదు. అమ్ముకునే సరుకు కోసం అక్క కళ్ళు పోయాయంటావా అని ఒకరు, ఓడిపోవడం నీకు ఏనాడూ చేతకాలేదని ఒకరు. నీకు ఆగడం చేతకాలేదని మళ్ళీ మొదటివారు. మాట మాట పెరిగి ఫ్యాక్టరీ రోజులదాకా వెళ్ళింది. "నీ కోసం కళ్ళు లేని తలకాయలకి పూతలు పూశానే" అన్న మాట చిటపట నోటినుంచి అంతకుముందెప్పుడూ రాలేదు. అది విని చెల్లెలు సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

అంతే, రాకపోకలు ఆగిపోయాయి. కానీ చెల్లెలు ఊరుకోలేదు. దుకాణానికి కొత్త రకం ప్రైమర్ వచ్చినప్పుడల్లా ఒక ట్యూబు కొని బావ బేకరీకి వెళ్ళి ఇచ్చేది. "మీ ఆవిడకివ్వు బావా. వాడి చూసి అప్పుడు మాట్లాడమను." ప్రేమతో కాదు, ఉడికించడానికి. మాట్లాడకుండానే తిట్టడానికి అంతకంటే మంచి దారి ఆమెకు దొరకలేదు. ఆకుపచ్చ మూత, తెల్ల మూత, నీలం మూత, అన్నీ వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు, ఒక్క మాటా రాలేదు. చెత్తబుట్టలో పారేస్తోందనుకుంది. "తీసుకుని ఏమంది బావా?" అంటే, "ఏమనలేదు, సంచీలో వేసుకుంది" అనేవాడు. ఆ మౌనం తిట్టుకన్నా ఎక్కువగా కాల్చింది. చివరికి విసిగిపోయి చెల్లెలు పంపడం మానేసింది.

ఇదంతా అయ్యాక, ఇప్పుడు మనిషి లేదు. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక చెల్లెలు బావ పక్కన కూర్చుంది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"బావా, ఆ రోజు ఏదో చెప్పబోయావు. ఏంటది?"

బావ తల వంచుకున్నాడు. "పొయ్యి దగ్గర రెండు చేతులకీ పిండే కదా. చెమట పట్టినప్పుడల్లా కుడి భుజానికేసి మొహం తుడుచుకుంటా. ఎప్పుడూ కుడివైపే, అలవాటు. ఆ చెంప మీది పూత పోయింది అందుకే. ఎవరిది ఎటున్నా అదే పోయేది."

చెల్లెలికి నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్ళంతా భగ్గుమంది. "మర్నాడైనా చెప్పొచ్చుగా!"

"మీ అక్కకి చెప్పా. 'నాకు తెలుసులే, నీ చొక్కా భుజానికి రంగంటింది, ఉతికింది నేనేగా' అంది. మరి చెల్లెలికి చెప్పరాదా అంటే, 'అదే వచ్చి అడగనీ' అంది."

తెలిసి కూడా! తన పక్షాన వాదించుకునే అవకాశం ఉండి కూడా, పందెం చెల్లలేదని తెలిసి కూడా, అది వచ్చి అడగనీ అని కూర్చుంది! చెల్లెలు లేచి గదంతా తిరిగింది. చచ్చిపోయిన మనిషి భుజాలు పట్టుకుని కుదపాలనిపించింది. ఎందుకింత బెట్టు? ఎవరిమీద?

అక్క సామాను తెచ్చుకోవడానికి స్టూడియోకి వెళ్ళింది. మేకప్ గదిలో దువ్వెనమ్మ ఒక్కతే ఉంది. చెల్లెల్ని చూడగానే దగ్గరికి తీసుకుని, కుర్చీలో కూర్చోబెట్టింది. అది మేకప్ కుర్చీ. దాని పక్కన ఇంకో కుర్చీ. ఆ పక్కన మూడోది.

"ఎత్తుపీట ఏదండీ?" అంది చెల్లెలు. "మా అక్క కూర్చునేది."

"పీటా! అది తీసేయించి చాలాకాలమైందమ్మా. మూడో కుర్చీ వెయ్యాలని ఆ మహానుభావుడు దాన్ని సామాన్ల గదిలో పడేయించాడు."

"మరి ఆగేటప్పుడు ఎక్కడ కూర్చునేది? ప్రైమర్ వేస్తున్నారు కాబట్టి ఆగనక్కర్లేదా?"

దువ్వెనమ్మ ఆమెకేసి వింతగా చూసింది. "మీ అక్క ప్రైమర్ వేసిందా? భలేదానివే! ఒక మొహానికి క్రీము రాసి వదిలేసి, రెండో మొహానికి రంగు వేసేది. అది సగంలో ఉండగా మూడోదానికి క్రీము. మూడు పొయ్యిల మీద వంట చేసినట్టు. మొహాలన్నీ ఎప్పట్లాగే ఆగేవి. తను మాత్రం ఆగేది కాదు. పొద్దున వచ్చిందగ్గర్నుంచి వెళ్ళేదాకా నిలబడే ఉండేది."

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర గడియారం కనిపించాడు. మొహం విచారంగా పెట్టుకుని లోపలికొచ్చాడు. "ఆవిడ ఈ సంస్థకి మూలస్తంభం అండీ," అన్నాడు.

"అవునండీ, స్తంభమే," అంది చెల్లెలు లేచి. "అందుకేగా నిలబెట్టే ఉంచారు. స్తంభాలకి పీటలెందుకు?"

"మేడమ్, మీరు బాధలో ఉన్నారు..."

"బాధలో లేను. కోపంలో ఉన్నాను. రెండూ ఒకటి కావు. మా అక్క ఉండుంటే మీకు తేడా చెప్పేది. ఆవిడ కాసేపు కూర్చుంటే మీ వార్తలు ఆగిపోయాయా? టీవీలో బొమ్మ మాసిపోయిందా? ఆ పీట ఎక్కడుందో చూపించండి. పట్టుకుపోతాను."

"అది సంస్థ ఆస్తి కదా..." అని గడియారం నీళ్ళు నమిలాడు. నమలుతూనే అలవాటుగా ముంజేతికేసి చూసుకున్నాడు.

"చూసుకోండి, చూసుకోండి. ఎంతసేపైందో చూసుకోండి!" అని అరిచింది చెల్లెలు. ఆ అరుపుకి పక్కగదిలోవాళ్ళు కూడా తొంగిచూశారు. అది తన గొంతులా లేదు. అచ్చం చిటపట గొంతులా ఉంది. గడియారం వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

దువ్వెనమ్మ కళ్ళు తుడుచుకుంది. "వినడానికి హాయిగా ఉందమ్మా. గది చచ్చినట్టుంది ఇన్నాళ్ళూ," అంది. అద్దం కింద సొరుగులోంచి ఒక గుడ్డసంచీ తీసి ఒళ్ళో పెట్టింది. అందులో అక్క స్టూడియోలో తొడుక్కునే చెప్పులున్నాయి. వాటితోపాటు ట్యూబులు. ఆకుపచ్చ మూత, తెల్ల మూత, నీలం మూత. చెల్లెలు ఒక్కొక్కటే తీసి చూసింది. పారెయ్యలేదు. మూతలు విప్పి వాడినవే. నీలం మూతదైతే అడుగునుంచి పైదాకా చుట్టలా చుట్టి, ఆఖరి బొట్టుదాకా పిండేసి ఉంది.

"వేసిందన్నమాట!" అంది చెల్లెలు. ఆమె గొంతులో గెలుపు వినిపించింది. "ఎవరికి వేసింది? చెప్పండి. వార్తలాయనకా? నాకు చెప్పకుండా ఎవరికి వేసింది?"

"ఎవరి మొహానికీ కాదమ్మా. మడమలకి."

"దేనికి?"

"కాళ్ళకి. పీట తీసేశాక చెప్పులు కరిచేవి. మడమలు ఒరుసుకుపోయి నెత్తురు కారేది. రాగానే ఆ మూల నిలబడి నీ ప్రైమర్ రాసుకునేది. నున్నగా జారుతుందట కదా, చెప్పు ఒరుసుకోదు. 'ముఖానికి దండగ గానీ, మా చెల్లి సరుకు కాలికి బంగారం' అనేది. మాకందరికీ రాసింది కూడా. నీలం మూతది అన్నిటికంటే బాగుందంది."

చెల్లెలు చెప్పుల్ని తిరగేసింది. వెనక పట్టీ లోపలివైపు నల్లగా, గట్టిగా అట్టకట్టి ఉంది.

"మరి ఇది అయిపోయాక?"

"స్టూడియోకి వచ్చే ప్రైమర్ ముట్టుకునేది కాదు. నిన్నే అడగమన్నా. 'అదే పంపుతుందిలే, పంపకుండా ఉండలేదు' అంది. కొన్నాళ్ళు చూసింది. తర్వాత స్పాంజి ముక్కలు కోసి మడమల వెనక పెట్టుకునేది."